యాపిల్ కప్ టికెట్లు, తెనాలి ఓటీపీ: నా అనుభవం

నిన్న, అంటే 2024 సెప్టెంబర్ 14 శనివారం, సియాటిల్‌లో యాపిల్ కప్ అనే కాలేజీ ఫుట్‌బాల్ మ్యాచ్ చూసొచ్చాం. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. మ్యాచ్‌లో అరిచి కాదు, గేటు దగ్గర నిలబడి మా అమ్మతో ఫోన్లో అరిచి. కోపం చల్లారకముందే రాసేస్తున్నా.

మాది రెండు జెండాల ఇల్లు. అబ్బాయి ఇక్కడే యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో, వాళ్ల జట్టు పేరు హస్కీలు, వాడిది పర్పుల్ టీషర్టు. అమ్మాయి పుల్మన్‌లో, వాషింగ్టన్ స్టేట్‌లో, వాళ్ల జట్టు పేరు కూగ్స్, దానిది ముదురెరుపు. ఈ రెండు కాలేజీలూ 1900 నుంచి ఫుట్‌బాల్‌లో తలపడుతున్నాయి, అదే, బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తే అమెరికా ఫుట్‌బాల్. మామూలుగా ఒక ఏడాది ఇక్కడి హస్కీ స్టేడియంలో, మరో ఏడాది పుల్మన్‌లో, నవంబర్ చివర థాంక్స్‌గివింగ్ రోజుల్లో ఆడేవాళ్లు. పుల్మన్ అంటే మాకు దాదాపు ఐదు గంటల డ్రైవ్, దారిలో స్నోక్వాల్మీ కనుమ, ఆ రోజుల్లో మంచు. అందుకే అక్కడ ఆడిన ఏడాదల్లా సోఫాలోంచే చూశాం.

ఈసారి లెక్క మారింది. పాక్-12 అనే పన్నెండు కాలేజీల ఉమ్మడి కుటుంబం టీవీ డబ్బుల దగ్గర వేరుపడింది. పది మంది ఎవరి మూట వాళ్లు సర్దుకుని వెళ్లిపోగా వాషింగ్టన్ స్టేట్, ఒరెగాన్ స్టేట్ ఇద్దరే పాత ఇంట్లో మిగిలారు. హస్కీలు బిగ్ టెన్ అనే ఇంకో కాలేజీల కూటమికి పోయారు. అయినా ఈ ఒక్క మ్యాచ్ 2028 దాకా ఆడుకుందామని ఒప్పందం రాసుకున్నారు, అందులో మొదటిది ఎవరి సొంత మైదానంలోనూ కాకుండా సియాటిల్ ప్రొఫెషనల్ జట్టు సీహాక్స్ ఆడే లూమెన్ ఫీల్డ్‌లో పెట్టారు. దీన్ని న్యూట్రల్ అంటున్నారు. హస్కీ స్టేడియం దగ్గర రైలెక్కితే అరడజను స్టాపులు, పుల్మన్ నుంచి అయితే రాష్ట్రం ఆ చివర నుంచి ఈ చివరికి రావాలి. పెళ్లి ఇద్దరికీ సమానంగా ఉండాలని కల్యాణ మండపం చూసి, ఆ మండపం మగపెళ్లివారి పక్క వీధిలో ఉన్నట్టు! మా అమ్మాయి ఈ మాట మూడు వారాలుగా అంటూనే ఉంది, నాకూ అదే అనిపించింది గానీ అబ్బాయి ముందు అనలేదు.

సరే, వెళ్లడం సులువే. సియాటిల్ పక్కనున్న బెల్వ్యూలో 550 బస్సెక్కి స్టేడియం దగ్గరే దిగాం. లోపలికి పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ సంచీ, చిన్న పర్సు తప్ప తీసుకెళ్లకూడదని ముందే చదివాం, ఒకటి కొన్నాం. మా ఆవిడ తన మామూలు హ్యాండ్‌బ్యాగు ఇంట్లో వదిలి రావడానికి పావుగంట బాధపడింది, అంతే. ఆ రోజే ఇక్కడ మా కాలనీ వాళ్ల వినాయక నిమజ్జనం, "దేవుణ్ణి సాగనంపకుండా ఆటకెళ్తారా ఏవండీ" అని ఒకసారి అంది, బస్సులో కూడా ఇంకోసారి అంది.

అసలు కథ టికెట్లది. మూడు వారాల కిందటే చేతులు మారే టికెట్లు అమ్మే ఓ వెబ్‌సైట్లో నాలుగు కొన్నా. ముందు ఒక ధర చూపించి, చివర్లో సర్వీసు రుసుం, ఇంకేదో రుసుం కలిపి ఇంకో ధర చేసేవాళ్లని ఏమనాలో నాకు తెలుసు, ఇక్కడ రాయను. ఆ ఖాతా నేను రెండేళ్ల కిందట తెనాలిలో సెలవులకి ఉన్నప్పుడు, అమ్మాయి ఏదో కచేరీకి టికెట్లు కావాలంటే, అక్కడి నంబరుతో తెరిచింది. ఆ సిమ్ము బ్యాంకు ఓటీపీల కోసం రీచార్జ్ చేసుకుంటూ పాత ఫోన్లో బతికించి ఉంచాం, ఆ ఫోను మా అమ్మ బీరువాలో ఉంటుంది. ప్రవాసులందరికీ ఇలాంటి ఫోను ఒకటి ఉంటుంది, బుకాయించకండి.

గేటు దగ్గరికి పన్నెండు గంటలకి చేరాం, ఆట పన్నెండున్నరకి. నేను టికెట్లు స్క్రీన్‌షాట్ తీసి, ప్రింటు కూడా తీసి, ఫైల్లో పెట్టుకుని వెళ్లా. గేటు కుర్రాడు మర్యాదగానే చెప్పాడు, కాగితం చెల్లదు, కదిలే బార్‌కోడ్ ఫోన్లో చూపించాలి అని. యాప్ తెరిస్తే లాగౌట్ అయిపోయి ఉంది. పాస్‌వర్డ్ కొడితే ఓటీపీ పంపాం అంది. ఎక్కడికి? తెనాలికి. అక్కడ అర్ధరాత్రి దాటి అరగంట.

అమ్మకి ఫోన్ చేశా. "ఏరా, పిల్లలు బాగున్నారా?" అని గాభరా. అందరూ బాగున్నారు, బీరువాలో ఫోను తియ్యి అన్నా. అది ఆగిపోయి ఉంది. ఛార్జర్ వెతకడానికి, అది వెలగడానికి పది నిమిషాలు పట్టింది. మేము లైన్లోంచి పక్కకి జరిగాం, పిల్లలిద్దరూ మాకు తెలియనట్టు ఇంకొంచెం దూరం జరిగారు.

"వచ్చిందిరా మెసేజి."

"నంబరు చదువమ్మా."

నిశ్శబ్దం. తరవాత, "ఇది ఎవరికీ చెప్పవద్దు అని రాసుందిరా."

మా అమ్మ రిటైర్డ్ టీచరు. రాసున్నది రాసున్నట్టు పాటిస్తుంది. పైగా మొన్న పక్కింటి మాస్టారికి కొడుకు గొంతుతో ఎవడో ఫోన్ చేసి డబ్బు లాగాడట. "నువ్వు మావాడివే అయితే చిన్నప్పుడు బావిలో ఏం పడేశావో చెప్పు" అంది. చుట్టూ వేల మంది, బ్యాండు మోత, నా గొంతు ఆవిడకి వినపడదు. "తాతయ్య పళ్లసెట్టమ్మా! పళ్లసెట్టు!" అని మూడుసార్లు అరిచా. వెనక లైన్లో కూగ్స్ టోపీ పెట్టుకున్న ఒకాయన పగలబడి నవ్వుతూ "ఎప్పుడు తీశారండీ బయటికి?" అని అడిగాడు. తెలుగాయనే.

అప్పటికి ఓటీపీ గడువు అయిపోయింది. రెండోది వచ్చింది, అమ్మ కళ్లజోడు లేకుండా ఒకటిని ఏడని చదివింది. మూడోదానికి లోపలికెళ్లగలిగాం. సీట్లలో కూర్చునేసరికి ఆట మొదలై చాలాసేపైంది. ఆ కంపెనీ చాట్‌లో ఫిర్యాదు చేస్తే మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం అని ఒక బొమ్మ పంపింది, బొమ్మకి చింత ఏమిటో.

ఆట మాత్రం డబ్బులకి సరిపడా ఉంది. కూగ్స్ 24, హస్కీలు 19, నిమిషం పైచిలుకు ఉంది, హస్కీలకి గోల్ గీత దాటడానికి ఒక్క గజం కావాలి, నాలుగో డౌన్, అంటే ఆఖరి ప్రయత్నం. అయిదు పాయింట్ల తేడా కాబట్టి బంతిని తన్ని మూడు పాయింట్లు తెచ్చుకునే ఫీల్డ్ గోల్ పనికిరాదు. "పక్కకి పరిగెత్తిస్తారు చూడు" అని అబ్బాయికి నేను ముందే చెప్పా, ఇన్నేళ్లుగా ఊరికే చూడలేదు నేను. సరిగ్గా పక్కకే ఇచ్చారు, అక్కడే పట్టేశారు. మా చుట్టూ పర్పుల్ గుంపంతా కూలబడింది, మా అమ్మాయి ఒక్కతే లేచి నిలబడి గంతులేసింది. అబ్బాయి బెల్వ్యూలో దిగేదాకా మాట్లాడలేదు.

మీకు చెప్పేది ఒకటే, ఇలాంటి ఖాతాలో ఫోను నంబరు ఇవాళే మార్చుకోండి. నేను నిన్న రాత్రే కూర్చున్నా. నంబరు మార్చాలంటే ముందు పాత నంబరుకి ఓటీపీ పంపుతుందట. అమ్మ ఆ ఫోను మళ్లీ బీరువాలో పెట్టి తాళం వేసింది, తాళం ఎక్కడ పెట్టిందో చెప్పడం లేదు.