వంద కొరునాల నోటు మీద స్టాంపు

ప్రాగ్‌లో నాలుగు రోజులున్నాను. వంతెన, కోట, గడియారం అన్నీ మీరు ఫొటోల్లో చూసినవే. నా మనసులో పాతుకుపోయింది మాత్రం ‘కమిషన్ 0%’ అని బోర్డు పెట్టుకున్న ఒక డబ్బు మార్చే కొట్టు. బయట యూరోకి దగ్గరదగ్గర 25 చెక్ కొరునాలు నడుస్తుంటే, వాడు నా చేతిలో పెట్టింది 18 లెక్కన. రసీదు చూసుకునేసరికి గదికి చేరిపోయాను. ఆ కడుపుమంటతోనే మర్నాడు స్లోవాకియా రాజధాని బ్రాటిస్లావాకి రైలెక్కాను. జేబులో ఇంకా 350 కొరునాలు మిగిలాయి. అవతల నడిచేది యూరో. 2009 నుంచి అంతే. చెక్ వాళ్లేమో ఇప్పటికీ కొరునా వదల్లేదు.

దారిలో చెక్ నగరం బ్రనోలో ఒక పెద్దాయన, ఆయన మనవరాలు నా ఎదుటి సీట్లలోకి వచ్చారు. రైలు కదిలీ కదలకముందే ఆయన రేకు పొట్లం విప్పాడు. బంగాళాదుంప తురిమి, వెల్లుల్లి వేసి కాల్చిన అట్లు. నాకూ ఒకటిచ్చాడు. చల్లారిపోయినా అంచులు ఇంకా కరకరలాడుతున్నాయి. ఇవేమిటని అడిగితే, బ్రనోలో పెరిగిన ఆ అమ్మాయి ‘బ్రాంబొరి’ అంది. స్లోవాక్ తాత వెంటనే ‘జెమియాకి’ అని దిద్దాడు. రెండు మాటలకీ అర్థం బంగాళాదుంపే. నాకు నవ్వొచ్చింది. కర్నూలు మా అమ్మకి అది ఉర్లగడ్డ, గుంటూరు మా ఆవిడకి బంగాళాదుంప, హైదరాబాద్‌లో మా వీధి కూరగాయలావిడకి ఆలుగడ్డ.

అక్కడి నుంచి మాట చెకోస్లోవేకియా రెండుగా విడిపోవడం మీదికి మళ్లింది. ఆ అమ్మాయే ఇంగ్లిష్‌లో చెప్పింది. 1918 అక్టోబర్ 28న పుట్టిన దేశం. మధ్యలో హిట్లర్ ముక్కలు చేశాడు, 1968లో సోవియట్ ట్యాంకులొచ్చాయి, 1989లో తుపాకీ పేలకుండానే కమ్యూనిస్టులు దిగిపోయారు. అన్నిటికీ నిలబడ్డ దేశాన్ని 1992 ఎన్నికల్లో గెలిచిన ఇద్దరు, చెక్ వైపు క్లాస్, స్లోవాక్ వైపు మెచియార్, కూర్చుని విడదీశారు. ఆ ఆగస్టులో బ్రనోలోనే, ట్యూగెంట్‌హాట్ విల్లాలో తేల్చేశారట. తాత ఊళ్లోనే, ఆయన ఫ్యాక్టరీలో షిఫ్టు చేస్తుండగా. రెఫరెండం లేదు. “నన్నెవరూ అడగలేదు” అన్నాడు. గొంతులో కోపం లేదు, ఇంటి వాటాల గురించి చెప్పినట్టుంది.

పంపకం జనాభా లెక్కన చెక్‌కి రెండు, స్లోవాక్‌కి ఒకటి. సైన్యం సామాను కూడా అంతే. మన విభజనలోనూ 58.32, 41.68 అని జనాభా లెక్కే కట్టారు కానీ, పదేళ్లు దాటినా కొన్ని సంస్థల ఆస్తుల పంచాయితీ తెగలేదు. ఇక్కడా అంతా సాఫీగా ఏం జరగలేదు. పాత జెండా ఎవరూ వాడకూడదని చట్టం చేసుకుని, చెక్ వాళ్లు దాన్నే ఉంచేసుకున్నారు. తాత ఆ మాట రెండుసార్లు చెప్పాడు. పెన్షన్ మాత్రం ఆయనకి చెక్ వైపు నుంచే వస్తుంది. ఉమ్మడి దేశం చివరి రోజైన 1992 డిసెంబర్ 31న ఎవరి కంపెనీ ఆఫీసు ఎటువైపుంటే, అప్పటిదాకా చేసిన సర్వీసుకి వాళ్లే ఇవ్వాలట.

పర్సులోంచి మడతలు పడ్డ ఆకుపచ్చ వంద నోటు తీశాడు. ఒక మూల తపాలా బిళ్లంత స్టాంపు అంటించి ఉంది. ఉమ్మడి డబ్బు 1993 ఫిబ్రవరి 8 దాకానే నడిచింది. కొత్త నోట్లు చాలినన్ని లేక పాతవాటికే స్టాంపులు అంటించుకున్నారు. నోటు తిప్పి వెనకవైపు చూపించాడు. ప్రాగ్ కోట! స్లోవాకియా కొత్త డబ్బు మీద ప్రాగ్ కోట.

చెక్ వైపు బ్రెత్స్లావ్ దాటాం, స్లోవాక్ వైపు కూటీ వచ్చింది. పాస్‌పోర్ట్ అడిగినవాడు లేడు. ఫోన్‌కి ‘స్లోవాకియాకు స్వాగతం’ మెసేజ్ వచ్చింది, అంతే సరిహద్దు.

కొట్టు సంగతి చెప్పుకుని ఏడిస్తే, ఆ అమ్మాయి తల పట్టుకుంది. అలాంటి కొట్లలో మార్చిన డబ్బుని మూడు గంటల్లోపు వెనక్కిచ్చి రద్దు చేసుకోవచ్చట, అక్కడ చట్టమే ఉందట. నాకు మూడు గంటలు నిన్నే అయిపోయాయి. “నేను బ్రనోకే కదా వెళ్లిపోతాను” అని నా 350 తీసుకుని 14 యూరోలు లెక్కపెట్టి ఇచ్చింది. పది నోటు, మిగతావి చిల్లర.

తాత నోటుకి వెల కడదామని నోరు తెరిచాను. ఆయన అప్పటికే దాన్ని మడిచి పర్సులో పెట్టేసుకున్నాడు. స్టేషన్ బయట కాఫీకి ఆ చిల్లరలో రెండు పోయాయి.