పది యోజనాలన్న గజుడు

సుందరకాండ పారాయణ చేసేవారిలో చాలామంది ‘తతో రావణనీతాయాః’ అన్న శ్లోకం దగ్గరే పుస్తకం తెరుస్తారు. సంప్రదాయం అదే, తప్పేమీ లేదు. కానీ దానికి ముందున్న కిష్కింధకాండ చివరి మూడు సర్గలు కూడా చదివి మొదలుపెడితే బాగుంటుందని నా అభిప్రాయం. అవి చదవకపోతే హనుమంతుడు ఒంటరి వీరుడిగానే మనసులో నిలిచిపోతాడు. అతని వెనక ఒడ్డున నిలబడినవాళ్లు కనిపించరు.

ఆ ఒడ్డున పరిస్థితి ఏమిటంటే, సీతను వెతకడానికి సుగ్రీవుడు ఇచ్చిన నెల గడువు ఎప్పుడో దాటిపోయింది. ఉత్త చేతులతో తిరిగి వెళితే చావు తప్పదని యువరాజు అంగదుడు ప్రాయోపవేశానికి, అంటే తిండి మాని ప్రాణం విడవడానికి, కూర్చున్నాడు, మిగతావారూ అతనితోపాటే కూర్చున్నారు. అప్పుడు జటాయువు అన్న సంపాతి కనిపించి, సీత లంకలో ఉందని చెప్పాడు. ప్రాణం లేచివచ్చింది. తీరానికి వెళ్లి చూస్తే ఎదురుగా నూరు యోజనాల సముద్రం. మళ్లీ నీరసం.

‘దాటగలవారెవరు?’ అని అంగదుడు అడిగితే ఎవరూ నోరు మెదపలేదు. ధైర్యం చెప్పి రెండోసారి అడిగాడు. అప్పుడు ఒక్కొక్కరే లేచారు. గజుడు పది యోజనాలన్నాడు. గవాక్షుడు ఇరవై, గవయుడు ముప్ఫై, శరభుడు నలభై, గంధమాదనుడు యాభై. మైందుడు అరవై, ద్వివిదుడు డెబ్భై, సుషేణుడు ఎనభై. పెద్దవాడు జాంబవంతుడు తొంభై అన్నాడు. వామనుడు త్రివిక్రముడైనప్పుడు ఇరవై ఒక్కసార్లు ప్రదక్షిణం చేసినవాణ్ణే, ఇప్పుడు ముసలివాణ్ణి అన్నాడు. అంగదుడు నూరు దాటగలనని, తిరిగి రాగలనో లేదో నిశ్చయంగా చెప్పలేనని ఒప్పుకున్నాడు.

నాకు ఈ ఘట్టంలో ఎప్పుడూ గజుడి మీదే కన్ను. నూరు కావలసినచోట పది ఎందుకూ పనికిరాదు. ఆ సంగతి అతనికీ తెలుసు. అయినా నిండు సభలో అందరికంటే ముందు లేచి తన పది చెప్పాడు. అతన్ని చూసి ఎవరూ నవ్వినట్టు వాల్మీకి రాయలేదు. ఇరవై అన్నవాడు ముప్ఫై అనలేదు, యువరాజు కూడా తన లోటు దాచుకోలేదు. మన ఆఫీసు సమావేశాల్లో, ఊరి ఉత్సవ కమిటీల్లో జరిగేది దీనికి తలకిందులు. మొదటివాడే నూరు అంటాడు, పని మొదలయ్యాక పదికి వస్తాడు, అప్పటికి వేరొకరిని వెతికే సమయం మిగలదు. ఉన్నది ఉన్నట్టు చెప్పుకున్నారు కాబట్టే వానరులకు తమలో ఏది లేదో తేలింది. అది తేలాకే జాంబవంతుడి చూపు ఒక మూలకు తిరిగింది.

అంతకుముందు అతను అంగదుణ్ణి ఆపిన తీరు కూడా గమనించాలి. నువ్వు నాయకుడివి, పంపవలసినవాడివే కాని వెళ్లవలసినవాడివి కావు, మూలాన్ని కాపాడుకోవాలి, మూలం ఉంటేనే పూలూ కాయలూ అన్నాడు. తరువాత హనుమంతుడి దగ్గరకు వెళ్లాడు. ‘తూష్ణీమేకాంతమాశ్రిత్య హనుమన్ కిం న జల్పసి’ అని అడిగాడు. అందరూ లెక్కలు చెబుతుంటే ఏకాంతంగా ఊరక కూర్చున్నావేమని. శాపం వల్ల తన బలం తనకు తెలియదన్న కథ ఉత్తరకాండలోనిది. ఇక్కడ జాంబవంతుడు శాపం ఊసెత్తడు, నిందించడు, నీకు సిగ్గు లేదా అనడు. అతని పుట్టుక చెబుతాడు, పసితనంలో సూర్యుణ్ణి పండనుకొని ఎగిరిన సంగతి చెబుతాడు, వజ్రం తగిలి ఎడమ దవడ విరిగిందన్నదీ దాచడు. హనుమంతుడు పెరగడం మొదలుపెట్టాడు. నూరేమిటి, పదివేల యోజనాలైనా వెళతానన్నాడు. అందుకు జాంబవంతుడు ఇచ్చిన మాట మాత్రం చాలామంది గమనించరు. ‘నువ్వు తిరిగి వచ్చేదాకా మేమంతా ఒంటికాలి మీద నిలబడతాం’ అన్నాడు.

ఇక సముద్రం మీద ఒక్కడే. సముద్రంలోంచి లేచిన మైనాక పర్వతం విశ్రాంతి తీసుకొమ్మంటే చేత్తో తాకి ముందుకు సాగాడు. దారికి అడ్డొచ్చిన నాగమాత సురసకు బుద్ధితో జవాబిచ్చాడు. సింహిక అనే రాక్షసి అతని నీడను పట్టి లాగినప్పుడు బలం చూపాడు. ఆమెను చంపాక ఆకాశంలో తిరిగే ప్రాణులు అన్న మాట ఇది:

యస్య త్వేతాని చత్వారి వానరేంద్ర యథా తవ
ధృతిర్దృష్టిర్మతిర్దాక్ష్యం స కర్మసు న సీదతి

ధైర్యం, చూపు, బుద్ధి, నేర్పు. ఈ నాలుగూ నీలా ఎవరికుంటాయో వారు పనిలో కుంగిపోరు అని. పరీక్షలకు, ఉద్యోగాలకు వెళ్లే పిల్లలచేత పెద్దలు చదివించే శ్లోకం. ఇది ఒంటరి మనిషి గుణాల పట్టీ అనుకుంటాం. కానీ దానికి కొద్ది శ్లోకాల ముందు ఏముందో చూడండి. వేగం ఆగిపోయిన క్షణంలో హనుమంతుడికి గుర్తొచ్చింది సుగ్రీవుడు చెప్పిన మాట. నీడను పట్టే ప్రాణి ఒకటుందని కపిరాజు చెప్పాడు, అది ఇదే, సందేహం లేదు అనుకున్నాడు. నూరు యోజనాలు ఒక్కడే ఎగురుతున్నాడు కాని, ఆ చూపులో సుగ్రీవుడి ఎరుక కూడా ఉంది.

లంకలో ఆ ధైర్యమూ ఒకసారి సడలింది. పానశాలలు, అంతఃపురాలు, పుష్పకం, అన్నీ వెతికాడు. సీత లేదు. ‘అనిర్వేదః శ్రియో మూలం’, నిరాశ పడకపోవడమే సిరికి మూలం అని తనకు తానే చెప్పుకొని మళ్లీ వెతికాడు, అప్పుడూ లేదు. తాను ఉత్త చేతులతో వెళితే రాముడేమవుతాడు, లక్ష్మణుడేమవుతాడు, కిష్కింధ ఏమవుతుందని వరసగా ఊహించుకున్నాడు, చనిపోదామనీ అనుకున్నాడు. బతికి ఉంటేనే మేలు చూస్తామని ఆ ఆలోచన విడిచిపెట్టాడు. అప్పుడు కంటపడింది ఇంకా వెతకని అశోకవనం. ‘నమోఽస్తు రామాయ సలక్ష్మణాయ’ అని నమస్కరించి కదిలాడు.

హనుమాన్ దీక్షలో చైత్ర పౌర్ణమి నుంచి వైశాఖ బహుళ దశమి దాకా 41 రోజులు సామూహిక పారాయణలు జరిగేచోట ఈ సర్గ దగ్గర గొంతులు మారడం వింటుంటాం. ఒకరి గొంతు ఆరితే పక్కవారు అందుకుంటారు, వరస మీద వేలు పెట్టి చూస్తున్న పెద్దాయన తప్పిన అక్షరాన్ని మెల్లగా సరిచేస్తాడు. పుస్తకం మాత్రం ఆగదు.

సీతమ్మ అడిగిన ప్రశ్న ఒకటుంది. ఈ సముద్రం దాటగలవారు ముగ్గురే, గరుత్మంతుడు, వాయువు, నువ్వు. మిగతా సైన్యం ఎలా వస్తుందని. హనుమంతుడు ‘నాకంటే గొప్పవారు, నాతో సమానులు అక్కడున్నారు, నాకంటే తక్కువవాడు సుగ్రీవుడి దగ్గర ఒక్కడూ లేడు’ అన్నాడు. గొప్పవారిని దూతలుగా పంపరమ్మా, మామూలువారినే పంపుతారన్నాడు. పది, ఇరవై, ముప్ఫై అన్న మాటలను చెవులారా విన్నవాడు. లంకను చూసిన మొదటి రాత్రే ఇక్కడికి రాగలవారు అంగదుడు, నీలుడు, సుగ్రీవుడు, తాను, నలుగురే అని లెక్క వేసుకున్నవాడు. తనవాళ్ల గురించి బయట మాట్లాడవలసి వచ్చినప్పుడు ఆ లెక్కను పైకి తీయలేదు.

తిరిగి వచ్చాక జాంబవంతుడు మొత్తం చెప్పమన్నాడు. రాముడి దగ్గర ఏది చెప్పాలి, ఏది లోపల ఉంచుకోవాలి అనేది కూడా నువ్వే చెప్పమన్నాడు. అంగదుడికి ఉత్సాహం పొంగి, మనమే లంక మీద పడి సీతను తెచ్చేద్దామంటే, మనకు చెప్పింది వెతకమని, తెమ్మని కాదని ముసలాయన అడ్డుపడ్డాడు.

దారిలో సుగ్రీవుడి మధువనం వచ్చింది. అంగదుడు సరేనన్నాడు, అందరూ తేనె మీద పడ్డారు. తాగినవాళ్లలో ఎవరు ఎన్ని యోజనాలన్నారో వాల్మీకి మళ్లీ ఎత్తలేదు. హనుమంతుడు మాత్రం ‘మీరు నిశ్చింతగా తాగండి, అడ్డువచ్చేవారిని నేను చూసుకుంటాను’ అన్నాడు. కావలి కాసే దధిముఖుడు దెబ్బలు తిని, సుగ్రీవుడి దగ్గరకు పరుగెత్తి మొరపెట్టుకుంటే, ఆ ఫిర్యాదు వినగానే సుగ్రీవుడికి పని అయిందని అర్థమైంది.