ఎల్దమా, వెళ్దామా

25 సెప్టెంబరు 2025, గురువారం, శ్రీకాకుళం

ఉదయం కాఫీ తాగడం అయ్యాక మనవడి చేత పేపరు చదివించాను. కోల్‌కతాలో పుట్టి పెరిగిన పిల్లవాడు, పూజ సెలవులకు ఆదివారం నాడే వచ్చాడు. అక్షరాలు కూడబలుక్కుని చదువుతాడు గానీ, బెంగాలీకీ హిందీకీ అలవాటుపడిన నోరు కావడం వల్ల ‘ల’కూ ‘ళ’కూ తేడా వాడికి ఇంకా పట్టుబడలేదు. ‘ఐదేళ్లు’ అన్న మాటను ‘ఐదేల్లు’ అని చదివి ముందుకు పోబోతుంటే ఆపి, నాలుక కొసను వెనక్కి మడిచి అంగిలికి తాకించమని చెప్పాను. నేనొకసారి పలికి చూపించి, వాడి చేత మూడుసార్లు పలికించాను. మూడోసారి అక్షరం తీరుగా పడగానే, వాడేదో గొప్ప పని చేసినట్టు నాకు పట్టరాని సంతోషం కలిగింది. తప్పును నొప్పి తెలియకుండా దిద్ది, ఒప్పు పడగానే పిల్లవాడి కంటే తానే ఎక్కువ మురిసిపోయే ఈ పద్ధతి నేను ఏ బడిలోనూ నేర్చుకోలేదు. ఎక్కడ నేర్చుకున్నానో, వాడు చదువుతున్న వార్తలోనే ఉంది. బాలసుబ్రహ్మణ్యం గారు కాలం చేసి ఈ రోజుకు ఐదేళ్లు.

2020 ఆగస్టు 5న ఆయన చెన్నైలో ఆస్పత్రిలో చేరారు. సెప్టెంబరు 25 మధ్యాహ్నం ఒంటిగంట దాటి నాలుగు నిమిషాలకు అంతా అయిపోయింది. ఆ మధ్య ఉన్న యాభై రోజుల పైచిలుకు కాలంలో, ఎవరి ఇంట్లో వాళ్లం తలుపులు వేసుకుని కూర్చున్న ఆ పాడు రోజుల్లో, పొద్దున్నే టీవీ పెట్టి ఆయన ఆరోగ్యం ఎలా ఉందో తెలుసుకోకుండా నేను పొయ్యి వెలిగించలేదు. ఒక్కసారైనా ఎదురుగా చూడని మనిషి కోసం అంతగా ఎదురుచూడటం ఏమిటని అప్పట్లో నన్నెవరైనా అడిగి ఉంటే జవాబు చెప్పలేకపోయేదాన్ని. ఈ రోజు కొంత చెప్పగలననిపిస్తోంది, అందుకే రాస్తున్నాను.

మా నాన్నగారు పల్లెలో పోస్టుమాస్టరు. 1996లో ఈటీవీలో ‘పాడుతా తీయగా’ మొదలైనప్పుడు ఆయన అప్పటికే రిటైరయ్యారు. పిల్లలు పాడుతున్నంతసేపూ పడక్కుర్చీలో వెనక్కి వాలి వినేవారు. పాట అయిపోయి బాలు గారు మాట్లాడటం మొదలుపెట్టగానే మాత్రం ముందుకు వంగి కూర్చునేవారు. ఆ పాట ఎవరు రాశారు, ఎవరు కట్టారు, ఆ మాటకు అర్థమేమిటి, ఏ ఒత్తు తేలిపోయింది, ‘శ’ పలకవలసిన చోట ‘స’ ఎందుకు పడింది అని ఆయన ఒక్కొక్కటే విప్పి చెబుతుంటే, నాన్నగారు ఆ మాటను పెదవుల మధ్యనే పలికి చూసుకునేవారు. డెబ్బైకి దగ్గరపడుతున్న మనిషి, జీవితమంతా ఉత్తరాల మీద అడ్రసులు చదివిన మనిషి, తన ‘ష’ను ఆ వయసులో సరిచేసుకున్నారు. బాలు గారు పాడిన వేల పాటలు ఎలాగూ ఉంటాయి, క్యాసెట్లలోనూ ఫోన్లలోనూ. కానీ మా నాన్నగారి నోట్లో మారిన ఆ ఒక్క అక్షరం ఎక్కడా రికార్డు కాలేదు. అలాంటివి ఎన్ని ఇళ్లలో ఎన్ని జరిగాయో అనుకుంటే, ఆయన పోయినప్పుడు దేశమంతా సొంత మనిషి పోయినట్టు ఏడవడంలో ఆశ్చర్యమేమీ కనిపించదు.

పది గంటలకు రైతుబజారుకు వెళితే వాణ్నీ వెంట తీసుకెళ్లాను. ఆనపకాయ తూస్తూ ఆ అమ్మి వాడి వైపు చూసి, “ఎవులమ్మా ఈ గుంటడు, మనవడేటి?” అంది. నేను కూడా అదే వరసలో, “అవునమ్మా, మా పెద్దమ్మాయి కొడుకు, కలకత్తా నుంచి ఒచ్చినాడు” అన్నాను. వాడు నా మొహంలోకి వింతగా చూశాడు. ఇంటికి వచ్చేటప్పుడు దారిలో అడిగాడు: “అమ్మమ్మా, నేను ఒక్క లెటర్ తప్పు చదివితే మూడుసార్లు చెప్పించావు కదా, ఆమె అన్నీ తప్పు మాట్లాడితే ఏమీ అనలేదేం? నువ్వు కూడా అలాగే మాట్లాడావేం?” అంతటితో ఊరుకోలేదు. వాడికి తెలిసిన సినిమా పాటలో ‘ఎల్దమొస్తవ’ అని ఉందట, మరి ఎల్దమా, వెళ్దామా, ఏది కరెక్టు అన్నాడు. నడిరోడ్డు మీద ఆ ప్రశ్నకు నేను నిలబడిపోయాను. ఇంటికెళ్లాక చెబుతానన్నాను.

ఆ మాట ఆ సినిమాది కాదు, వంగపండు ప్రసాదరావు గారిది. పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో పుట్టి, విశాఖపట్నంలో షిప్‌యార్డులో పనిచేసి, కాళ్లకు గజ్జెలు కట్టుకుని ఊరూరా పాడిన మనిషి. ‘ఏం పిల్లడో ఎల్దమొస్తవ’ అని ఆయన కట్టిన పాట సినిమాకు చేరకముందే మా ప్రాంతంలో సభల్లోనూ పొలాల్లోనూ నోటి మీద నడిచింది. ఆయన 2020 ఆగస్టు 4న పార్వతీపురంలో పోయారు. ఆ మర్నాడే బాలు గారు ఆస్పత్రిలో చేరారు. ఈ రెండు తారీఖులూ పక్కపక్కన ఉన్నాయన్న సంగతి నాకు ఈ రోజే తట్టింది. అప్పట్లో ఒక వార్త రెండో వార్తను మింగేసింది. వంగపండు గారి కోసం నేను ఒక్క రోజు కూడా పూర్తిగా దుఃఖపడలేదు, ఆ బాకీ అలాగే ఉండిపోయింది.

నిజానికి నేను ఆయనకు ఎక్కువే బాకీ. డిగ్రీ చదవడానికి విశాఖ వెళ్లినప్పుడు హాస్టల్లో నేను ‘ఏటి’ అన్న ప్రతిసారీ గదిలో నవ్వులు పుట్టేవి. ఎవరూ చెడ్డవాళ్లు కారు, మా మాట సినిమాల్లో నవ్వించడానికే వినబడేది కాబట్టి వాళ్లకు అలవాటుగా నవ్వొచ్చేది. ఆర్నెల్లలో నేను నా నోరంతా కడిగేసుకున్నాను. సంక్రాంతికి ఇంటికి వచ్చి మా అమ్మతో పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడితే, “నాతో ఎందుకే అలా మాటాడతన్నావు, నానేటి సేసినాను?” అని ఆవిడ బెంగపడిన సంగతి ఇప్పుడు రాస్తుంటే కూడా గుండె కలుక్కుమంటుంది.

ఆ సిగ్గు పోగొట్టినవి రెండు. ఒకటి వంగపండు పాట, ఒక సభలో వేల మంది గొంతు కలిపి పాడుతుండగా విన్నది. రెండోది కాళీపట్నం రామారావు గారి ‘యజ్ఞం’. 1964 నాటి ఆ కథలో అప్పల్రాముడు పంచాయితీ ముందు నిలబడి తన బతుకూ, తన అప్పూ చెప్పుకొనే చోట, మా ఊళ్ల మనుషుల మాట తీరు అచ్చులో చూశాను. ఆ మాటకు ఎవరూ నవ్వరు, నవ్వలేరు. కారా మాస్టారు ముప్ఫై ఏళ్లు విశాఖలో పిల్లలకు పాఠాలు చెప్పి, రాసిన వాటికంటే ఎన్నో రెట్లు ఇతరుల కథలు చదివి, 1997 ఫిబ్రవరిలో ఈ ఊళ్లోనే కథానిలయం పెట్టారు. అవార్డులుగా వచ్చిన డబ్బు అందులోనే పోశారు. తెలుగులో అచ్చయిన ప్రతి కథా ఒక్కచోట దొరకాలన్నది ఆయన పట్టుదల. గొప్ప కథలు మాత్రమే దాచాలని ఆయన అనుకోకపోవడం నాకు అన్నిటికంటే గొప్పగా తోస్తుంది.

నాకు తారీఖులు రాసుకునే అలవాటుంది, డైరీ చివరి పేజీల్లో పోయినవాళ్ల పేర్లు వరసగా ఉంటాయి. మధ్యాహ్నం అవి తిరగేశాను. కారా మాస్టారు 2021 జూన్ 4న వెళ్లిపోయారు, అది బాలు గారి 75వ పుట్టినరోజు. ‘శంకరాభరణం’ విడుదలైన ఫిబ్రవరి 2వ తేదీనే, 43 ఏళ్ల తరువాత, 2023లో విశ్వనాథ్ గారు పోయారు. ఆ చిత్రానికే జాతీయ పురస్కారం అందుకున్న వాణీ జయరామ్ గారు మరి రెండు రోజులకే పోయారు. చిట్టచివర ఈ జూలై 13, కోట శ్రీనివాసరావు గారు. కృష్ణా జిల్లా కంకిపాడులో పుట్టి, ‘ప్రతిఘటన’లో తెలంగాణ మాటను నిండుగా పలికిన ఆయన నోటి పనితనానికి నేను ఎప్పటికీ దణ్ణం పెడతాను. ఆ యాసను దుర్మార్గుల పాత్రలకే ఎందుకు కట్టబెట్టారన్న తెలంగాణ వాళ్ల బాధ మాత్రం న్యాయమైనది. హాస్టల్ గదిలో నవ్వించుకున్న నాకు అది బాగా తెలుసు.

ఎల్దమా, వెళ్దామా అన్న దానికి జవాబు ఆలోచిస్తూ పడుకుంటే, చివరికి బాలు గారి దగ్గరే దొరికింది. మన విశాఖ నేపథ్యంలో 1978లో వచ్చిన ‘మరో చరిత్ర’ను బాలచందర్ గారు 1981లో హిందీలో తీసినప్పుడు, పాటలు బాలు గారి చేత పాడించడానికి సంగీత దర్శకులు లక్ష్మీకాంత్ ప్యారేలాల్ మొదట ఒప్పుకోలేదు. ఆయన హిందీలో దక్షిణాది వాసన ఉందన్నారు. కథానాయకుడు హిందీ సరిగ్గా రాని తమిళ కుర్రవాడే కదా, పాటలో ఆ వాసన ఉండటమే సరైనదని బాలచందర్ పట్టుబట్టారు. అందులో పాడిన పాటకు బాలు గారికి జాతీయ పురస్కారం వచ్చింది. తెలుగులో ఒక్క ఒత్తు తేలిపోతే ఊరుకోని మనిషి, వేరే భాషలో తన మాట తీరు వినబడటమే ఆ పాత్రకు నిజం అయినప్పుడు అలాగే పాడారు. మాట ఎవరిదో, ఎక్కడ నిలబడి అంటున్నారో చూసుకుని ఆ చోటికి కల్తీ లేకుండా పలకాలి. బాలు గారు పిల్లల పాటల్లో దిద్దినదీ, వంగపండు గారు గజ్జె కట్టి పాడినదీ నాకు ఒకే పనిగా కనిపించడానికి ఇన్నేళ్లు పట్టింది.

సాయంత్రం దీపం పెట్టాక వాణ్ని కూర్చోబెట్టి ఇదంతా వాడికి తెలిసే మాటల్లో చెప్పాను. సినిమా పాట కాకుండా వంగపండు గారు స్వయంగా పాడినది ఫోన్లో వినిపించాను. వాడు రెండుసార్లు పెట్టించుకున్నాడు. తరువాత తన నోట్‌బుక్కు తెచ్చి, ఆ మాట రాస్తానని బోర్లా పడుకుని, నాలుక బయటపెట్టి, చాలాసేపు కష్టపడి రాసి చూపించాడు. ‘ఎళ్దమొస్తవ’ అని ఉంది. ఉదయం నేర్చుకున్నది మరిచిపోకుండా వాడిన సంబరం వాడి కళ్లలో కనబడుతోంది.

“బాగా రాశావు. ఇక్కడ మాత్రం ‘ల’ రాయాలి నాన్నా” అన్నాను, రబ్బరు అందిస్తూ.