నాన్న జేబులో ఏలక్కాయలు

మా అమ్మ పాయసంలో ఏలక్కాయలు వేయదు. ఎవరైనా అడిగితే "మా ఇంట్లో పడదు" అంటుంది. అసలు సంగతి వేరు. నాన్న హెడ్ కానిస్టేబుల్‌గా చేసిన రోజుల్లో ఆయన చొక్కా జేబులో రోజూ నాలుగు ఏలక్కాయలు వేసి పంపేది. పొద్దున రోల్ కాల్‌లో మందు వాసన రాకూడదని.

రోల్ కాల్‌లో బెల్టు చూస్తారు, బూట్ల పాలిష్ చూస్తారు, గడ్డం గీశాడా లేదా చూస్తారు. నోటి దగ్గరికి మాత్రం ఎవరూ వచ్చేవారు కాదు. స్టేషన్‌లో అందరికీ తెలిసిన విషయమే మరి. రైలు పట్టాల మీద ముక్కలైన శవాన్ని గోనెపట్టాలో ఏరుకొచ్చిన రోజు, క్వార్టర్ సీసా కొనిచ్చింది పై అధికారే. అలా మొదలైంది అంటాడు నాన్న. నిజమే కావచ్చు, సగమే నిజం కావచ్చు.

మా అన్నయ్య ఆర్టీసీ డ్రైవర్. బస్సు తీయాలంటే ముందు డిపోలో బ్రీత్ అనలైజర్‌లోకి ఊదాల్సిందే. పైలట్లయితే విమానం ఎక్కడానికి 12 గంటల ముందు నుంచి మందు ముట్టకూడదు. ఇక మనమంటారా, వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే బండి అక్కడే ఆగిపోతుంది. మనతో ఊదించే మిషన్ పోలీసుల చేతిలోనే ఉంటుంది. ఆ మిషన్ పట్టుకున్న మనిషిని డ్యూటీ ఎక్కే ముందు రోజూ ఊదమనేవాళ్లే లేరు. హైదరాబాద్ పబ్బుల్లో గంజాయి, డ్రగ్స్ పరీక్షల కిట్లు పట్టుకుని తిరిగేదీ వాళ్లే.

నేను ఇంటర్ చదివేటప్పుడు నాన్నకు ట్రెజరీ గార్డ్ డ్యూటీ పడింది. రాత్రి తొమ్మిదింటికి క్యారియర్ తీసుకెళ్లాను. బెంచీ మీద తల వాల్చి నిద్రపోతున్నాడు, రైఫిల్ గోడకు ఆనించి ఉంది. నా చెప్పుల చప్పుడుకు లేచి, "ఎవర్రా అది" అంటూ రైఫిల్ అందుకుని నా వైపు తిప్పాడు. గుర్తుపట్టడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను. క్యారియర్ చేతిలోంచి జారి మెట్ల మీద పప్పుచారు పారింది. నాన్న ఒక్క మాట మాట్లాడకుండా కూర్చుని, తన కర్చీఫ్‌తో ఆ మెట్లన్నీ తుడిచాడు. ఇంట్లో ఇద్దరం చెప్పలేదు.

ఆ సాయంత్రం బెల్ ఆఫ్ ఆర్మ్స్‌లో, అంటే ఆయుధాలు దాచే గదిలో, రైఫిల్ ఇచ్చేటప్పుడు ఒక్కసారి ఊదించి ఉంటే తుపాకీ ఆయన చేతికి వచ్చేది కాదు. డ్యూటీ ఎక్కే ముందు పోలీసులనూ రోజూ ఊదించండి, నేను అడిగేది అంతే.

పంజాబ్‌లో 2018లో పోలీసులతో సహా ప్రభుత్వ ఉద్యోగులందరికీ డోప్ టెస్ట్, అంటే డ్రగ్స్ వాడారా లేదా అనే పరీక్ష, అన్నారు. అస్సాంలో 2023లో తాగుడు అలవాటున్న దాదాపు 300 మంది పోలీసులకు వీఆర్‌ఎస్ ఇచ్చి పంపుతామన్నారు. ఆ రెండోది నాకు మింగుడు పడలేదు. ముదిరేదాకా చూసీ చూడనట్టు ఊరుకుని, తర్వాత ఇంటికి పంపితే ఆ మనిషిని భరించాల్సింది మా అమ్మలాంటి వాళ్లే.

అన్నయ్య మాత్రం ఒప్పుకోడు. "దగ్గు మందు తాగినా మిషన్ మోగుతుంది, అప్పుడు నా ఉద్యోగం ఎవడిస్తాడు?" అంటాడు. అందులో న్యాయం ఉంది. వాసన వచ్చినంత మాత్రాన, మాట తడబడినంత మాత్రాన తాగినట్టు కాదని సుప్రీంకోర్టే 1971లో ఒక కేసులో చెప్పింది. నోట్లో మిగిలిన మందు వల్ల మోగితే పావుగంట ఆగి మళ్లీ ఊదించవచ్చు. అప్పటికీ మోగితే రక్తపరీక్ష. మొదటిసారి దొరికితే సస్పెన్షన్ కాదు, డాక్టర్ దగ్గరికి పంపాలి. ఆ రోజుకి ఆయుధం, జీపు తాళాలు ఇవ్వకూడదు. ఇదంతా కానిస్టేబుళ్లకే పెడితే మాత్రం దండగ.

ఇది రాస్తుంటే నాన్న పక్కన కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తున్నాడు. కామెర్లు వచ్చి తగ్గాక మందు మానేసి పదకొండేళ్లయింది.

"ఎస్సై ముందు ఊదాలి. అది రాశావా?"

"రాస్తున్నా నాన్నా."

"పప్పుచారు సంగతి?"

నేను తలెత్తి చూశాను. ఆయన చూడలేదు. ఇంకో కాయ ఒలిచి, "రాయిలే" అన్నాడు.