తెర వెనక

తెర తీసి ఉంచింది నాలుగైదు సెకన్లే. మా ముందంతా పొడుగాటి మనుషులు. అమ్మ పొట్టి, పైగా ఒక కంటికి శుక్లం. నా చెయ్యి పట్టుకుని ఊపేస్తోంది. "కనపడిందా? ఏం కనపడిందే?"

చూసింది చూసినట్టు చెప్పాను. "బంగారు మారేడు దండలు వేలాడుతున్నాయమ్మా. వాటి వెనక గోడ."

"విగ్రహం?"

"లేదు."

"లింగమైనా?"

"ఏమీ లేదమ్మా. ఖాళీ."

అమ్మ ఒక్క క్షణం ఆగింది. తర్వాత రెండు చేతులూ తల మీదికెత్తి దణ్ణం పెట్టుకుంది. అప్పటికే తెర వేసేశారు.

చిదంబరం రావాలన్నది అమ్మ మొక్కు. పంచభూత క్షేత్రాల్లో కంచి, జంబుకేశ్వరం, అరుణాచలం, శ్రీకాళహస్తి అయిపోయాయి. ఆకాశ క్షేత్రం ఒక్కటే మిగిలింది. మూడేళ్ల కిందట తమ్ముడు తీసుకెళ్తానన్నాడు. ఆ నెలలోనే జ్వరమని ఆసుపత్రిలో చేరాడు. తొమ్మిదో రోజుకి లేడు. వాడికి ముప్పై నాలుగేళ్లు. ఆ తర్వాత కూడా అమ్మ ఒక్క పూట దీపం మానలేదు. నేను మాత్రం దేవుడి గదిలోకి వెళ్లడం మానేశాను. దాని గురించి మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఈ ప్రయాణానికి కూడా అమ్మకి తోడుగానే బయల్దేరాను. మనసులో ఉన్నది ఒకటే ప్రశ్న. వాడే ఎందుకు?

పొద్దున్నే ఉత్తర గోపురం వైపు నుంచి లోపలికి వెళ్లాం. అది శ్రీకృష్ణదేవరాయలు కట్టించిన గోపురమని చెప్పగానే అమ్మ ముఖం వెలిగిపోయింది. లోపల నటరాజస్వామి సన్నిధికి దగ్గరలోనే గోవిందరాజస్వామి శయనించి ఉంటాడు. ఒకచోట నిలబడితే ఇద్దరినీ చూడొచ్చు. అమ్మ అక్కడ నిలబడి అటూ ఇటూ ఎంతసేపు చూసిందో!

నటరాజస్వామి కొలువున్న చిత్సభ పైకప్పు బంగారంతో మెరిసిపోతోంది. తెలుగు కొద్దిగా వచ్చిన ఒక పెద్దాయన పక్కనే నిలబడి వివరించారు. పైన 21,600 బంగారు రేకులున్నాయట, మనిషి రోజుకి తీసే శ్వాసలన్ని. వాటిని పట్టి ఉంచే మేకులు 72,000, అవి మన ఒంట్లో నాడులకి గుర్తట. నాకు తెలీకుండానే లెక్క వేశాను. రోజుకి 1,440 నిమిషాలు. నిమిషానికి పదిహేను శ్వాసలు. సరిగ్గా సరిపోయింది.

ఆ అంకె నాకు తెలుసు. తమ్ముడి మంచం పక్కన మానిటర్లో అన్నిటికన్నా కింద ఉండేది. ఒకరోజు ముప్పై ఎనిమిది, మర్నాడు నలభై ఒకటి. అది పదిహేనుకి దిగితే చాలని రాత్రంతా దాన్నే చూస్తూ కూర్చునేదాన్ని. శ్వాస ఎందుకు ఆగిందో డాక్టర్లు చెప్పారు, కాగితం మీద రాసిచ్చారు కూడా. కానీ నేనడిగింది ఆ 'ఎందుకు' కాదు.

నేనడిగినదానికి జవాబు చెప్పడానికి పరామర్శకి వచ్చినవాళ్లందరూ సిద్ధంగా ఉన్నారు. పూర్వజన్మ కర్మ అని ఒకరు. దేవుడికి ఇష్టమైనవాళ్లని తొందరగా తీసుకుపోతాడని ఇంకొకరు. అందరూ మంచివాళ్లే, మా మీద ప్రేమతోనే అన్నారు. కానీ ఆ మాటలకే నా మనసు విరిగిపోయింది. దేవుడి మీద కోపం కన్నా, దేవుడి మనసులో ఏముందో తమకి తెలిసినట్టు మాట్లాడేవాళ్ల మీద కోపమే ఎక్కువ. ఇప్పటికీ తగ్గలేదు.

చిదంబరంలో స్వామి మూడు విధాలుగా ఉంటాడంటారు. నటరాజమూర్తి రూపం. స్ఫటికలింగం రూపం ఉండీ లేనిది. నటరాజుకి కుడిపక్కన తెర వెనక ఉన్నది అరూపం, అదే రహస్యం. తెర బయటివైపు నలుపు, లోపలివైపు ఎరుపు. నలుపు మన అజ్ఞానమని, ఎరుపు జ్ఞానమని చెబుతారు. ఆ తెర తీస్తే జవాబు ఉంటుందనుకున్నాను కాబోలు. ఉన్నది ఖాళీ చోటు. కానీ ఆ ఖాళీకి బంగారు దండలు వేశారు, హారతి ఇస్తున్నారు. మాకు తెలిసినదింతే, ఆపైన తెలీదు అని ఇంత భక్తిగా చెప్పినవాళ్లని నేనెక్కడా చూడలేదు. మూడేళ్లలో మొదటిసారి, నన్నెవరో మోసం చెయ్యకుండా పలకరించినట్టు అనిపించింది.

మధ్యాహ్నం శివగంగ కోనేటి మెట్ల మీద కూర్చున్నప్పుడు అమ్మ అరుణాచలం కథ ఎత్తుకుంది. అగ్నిస్తంభంగా నిలబడ్డ శివుడి మొదలు వెతుకుతూ విష్ణువు కిందికి, చివర వెతుకుతూ బ్రహ్మ పైకి వెళ్లిన కథ. చిన్నప్పటి నుంచీ విన్నదే. కానీ ఆ రోజు గోవిందరాజస్వామిని చూసి వచ్చాక వేరేగా వినిపించింది. బ్రహ్మ చూశానని అబద్ధమాడాడు, మొగలిపువ్వుతో సాక్ష్యం చెప్పించాడు, పూజలు పోగొట్టుకున్నాడు. విష్ణువు కనుక్కోలేకపోయానని ఒప్పుకున్నాడు. ఆయన ఇక్కడ శివుడి ఎదురుగానే హాయిగా పడుకుని ఉన్నాడు.

"అమ్మా, వాడు ఎందుకు పోయాడో నీకు తెలుసా?" అని అడిగేశాను. మూడేళ్లలో అడగని మాట.

"తెలీదే," అంది అమ్మ. నీళ్ల వైపే చూస్తోంది. "రోజూ అడుగుతూనే ఉన్నాను."

నేనిన్నాళ్లూ అమ్మకి జవాబు దొరికిందనుకున్నాను. అందుకే దీపం పెట్టగలుగుతోందనుకున్నాను. అడగడానికి పెడుతోందని నాకు తట్టనే లేదు.

సాయంత్రం మళ్లీ వెళ్దామంది. ఈసారి అమ్మని ముందు నిలబెట్టి, జనం నెట్టకుండా వెనక నేను నిలబడ్డాను. హారతి వేళకి గంటలు మొదలయ్యాయి. పెద్ద పెద్ద గంటలు, ఒకదాని మీద ఒకటి. ఛాతీలోపల కూడా మోగుతున్నట్టుంది, పక్కవాళ్ల మాట వినపడదు. తెర పక్కకి జరిగింది. అమ్మ కాస్త తల తిప్పినప్పుడు చూశాను, పెదవులు కదులుతున్నాయి. ఏమడుగుతోందో వినపడలేదు.

అమ్మ భుజాల మీంచి చేతులు తీసి, నేను కూడా జోడించాను.