ముందు ఎల్‌డీఆర్‌ను కొలవండి, తరువాత సర్క్యూట్ కట్టండి

ఎలక్ట్రానిక్స్ కొత్తగా నేర్చుకుంటున్నవారు దేనితో మొదలుపెట్టాలని అడిగినప్పుడల్లా, చీకటి పడగానే దానంతట అదే వెలిగే ఎల్‌ఈడీ సర్క్యూట్‌నే నేను సూచిస్తాను. ఇందులో ఉండేవి నాలుగైదు భాగాలే అయినా, సెన్సర్, రెసిస్టర్, ట్రాన్సిస్టర్ ఒకదానిపై ఒకటి ఎలా ఆధారపడతాయో ఇంత తేటగా చూపించే సర్క్యూట్ మరొకటి లేదని నా అభిప్రాయం. అయితే చాలామంది ఎక్కడో ఒక బొమ్మ చూసి, అందులో రాసి ఉన్న విలువలనే తెచ్చి బ్రెడ్‌బోర్డులో (సోల్డర్ చేయకుండా భాగాలను గుచ్చి కలిపే రంధ్రాల పలకలో) గుచ్చి, ఎల్‌ఈడీ వెలిగితే సంతోషించి, వెలగకపోతే భాగాలు పాడైపోయాయనుకుని పక్కన పెట్టేస్తారు. ఈ సర్క్యూట్‌లో సెన్సర్ ఎల్‌డీఆర్, అంటే పడే వెలుతురును బట్టి నిరోధం మారే భాగం. ఇద్దరు కొన్న ఎల్‌డీఆర్‌లు ఒకే విధంగా ఉండవు కాబట్టి, ఒకరికి సరిపోయిన రెసిస్టర్ మరొకరికి సరిపోవాలనేమీ లేదు. మన చేతిలో ఉన్న ఎల్‌డీఆర్‌ను ముందుగా మల్టీమీటర్‌తో (నిరోధం, వోల్టేజీ చూపే మీటరుతో) కొలిచి, ఆ కొలతను బట్టి రెసిస్టర్ విలువను మనమే లెక్కగట్టుకుని కట్టడమే సరైన పద్ధతి అని నేను గట్టిగా నమ్ముతాను.

కావలసినవి ఇవి: ఒక ఎల్‌డీఆర్, బీసీ 547 ట్రాన్సిస్టర్ ఒకటి, ఎర్ర ఎల్‌ఈడీ ఒకటి, 1 కిలో ఓమ్, 10 కిలో ఓమ్, 100 కిలో ఓమ్ రెసిస్టర్లు ఒక్కొక్కటి, ఒక ప్రీసెట్ (తిప్పి నిరోధాన్ని మార్చుకోగల చిన్న రెసిస్టర్), 9 వోల్టుల బ్యాటరీ, దానికి క్లిప్పు, బ్రెడ్‌బోర్డు, కొన్ని తీగలు. వీటితోపాటు మల్టీమీటర్ తప్పనిసరిగా ఉండాలి. చవక రకమైనా ఫరవాలేదు కానీ, అది లేకుండా ఈ సర్క్యూట్ కట్టడంలో అర్థం లేదు.

ఎల్‌డీఆర్‌ను చేతిలోకి తీసుకుని దగ్గరగా చూస్తే, చిన్న బిళ్ల మీద పారదర్శకమైన పూత కింద మెలికలు తిరిగిన ఒక గీత కనిపిస్తుంది. అది కాడ్మియం సల్ఫైడ్ అనే అర్ధవాహకం. చీకటిలో ఈ పదార్థంలో స్వేచ్ఛగా కదలగలిగే ఎలక్ట్రాన్లు చాలా తక్కువగా ఉంటాయి కనుక దాని నిరోధం ఎక్కువగా ఉంటుంది. వెలుతురు పడినప్పుడు ఆ కాంతి శక్తితో ఎలక్ట్రాన్లు తమ బంధాలనుంచి విడివడి కరెంటు మోయడానికి అందుబాటులోకి వస్తాయి, నిరోధం పడిపోతుంది. ఈ గుణాన్ని మొదట గమనించింది కాడ్మియం సల్ఫైడ్‌లో కాదు, సెలీనియంలో. సముద్రగర్భ టెలిగ్రాఫ్ కేబుళ్లను పరీక్షించడానికి ఎక్కువ నిరోధం గల పదార్థం కోసం సెలీనియం కడ్డీలను వాడుతున్న విల్లోబీ స్మిత్, వాటి నిరోధం వెలుతురును బట్టి మారిపోతోందని 1873లో ప్రకటించాడు. కొలతకు అడ్డం వచ్చిన ఆ గుణమే తరువాత వెలుతురును కొలిచే సాధనానికి మూలమైంది. కాడ్మియం సల్ఫైడ్ ప్రత్యేకత ఏమిటంటే, అది బాగా స్పందించే కాంతి, మన కంటికి బాగా కనిపించే ఆకుపచ్చ ప్రాంతపు కాంతి దాదాపు ఒకటే. అందువల్ల మనకు మసకగా అనిపించిన గది ఎల్‌డీఆర్‌కు కూడా మసకగానే ఉంటుంది.

ఇప్పుడు కొలత. మల్టీమీటర్‌ను ఓమ్‌ల విభాగంలో పెట్టి, రెండు ప్రోబ్‌లను ఎల్‌డీఆర్ రెండు కాళ్లకు తగిలించాలి. దీనికి ప్లస్, మైనస్ భేదం లేదు. మామూలుగా దొరికే రకం బాగా వెలుతురున్న గదిలో ఒకటి రెండు కిలో ఓమ్‌లు చూపుతుంది, అరచేతితో నీడ పడితే కొన్ని పదుల కిలో ఓమ్‌లకు చేరుతుంది, నల్ల టేపుతో పూర్తిగా మూసేస్తే ఒక మెగా ఓమ్ దరిదాపులకు వెళ్తుంది. వెలుతురు పది రెట్లు పెరిగితే నిరోధం సుమారు ఐదో వంతుకు తగ్గుతుందని లెక్క. ఇక్కడ రెండు విషయాలు గమనించాలి. ఒకటి, కాళ్లను వేళ్లతో పట్టుకుని కొలవకూడదు. పెద్ద నిరోధాలను కొలిచేటప్పుడు మన శరీరం కూడా సమాంతరంగా కలిసి, మీటరు తక్కువ చూపిస్తుంది. రెండు, ఎల్‌డీఆర్‌ను మూసిన వెంటనే అంకె స్థిరపడదు. కొన్ని సెకన్లపాటు పైకి పాకుతూనే ఉంటుంది. అది మీటరు లోపం కాదు. వెలుతురులో విడివడిన ఎలక్ట్రాన్లు మళ్లీ తమ స్థానాలకు చేరడానికి ఆ సమయం పడుతుంది.

ఆ తరువాత దీపం ఏ వెలుతురు దగ్గర వెలగాలని మీరు కోరుకుంటున్నారో సరిగ్గా ఆ వెలుతురులో, అంటే పుస్తకంలోని అక్షరాలు చదవడం కాస్త కష్టమయ్యే సమయంలో, మరొకసారి కొలిచి ఆ అంకెను కాగితం మీద రాసుకోండి. మొత్తం సర్క్యూట్ ఆ ఒక్క అంకె మీద ఆధారపడుతుంది. ఉదాహరణకు అది 8 కిలో ఓమ్‌లు అనుకుందాం.

ట్రాన్సిస్టర్‌కు నిరోధం తెలియదు, దాని మూడు కాళ్లలో (కలెక్టర్, బేస్, ఎమిటర్) బేస్ దగ్గర ఉన్న వోల్టేజీ మాత్రమే తెలుస్తుంది. కాబట్టి మారుతున్న నిరోధాన్ని మారుతున్న వోల్టేజీగా మార్చాలి. బ్యాటరీ ప్లస్ నుంచి ఒక రెసిస్టర్, దాని రెండో కొసనుంచి మైనస్‌కు ఎల్‌డీఆర్ వరుసగా కలిపితే, 9 వోల్టులూ వాటి నిరోధాల నిష్పత్తిలో పంచుకోబడతాయి. రెండూ కలిసే మధ్య బిందువు దగ్గర ఎల్‌డీఆర్ వాటాకు వచ్చిన వోల్టేజీ దొరుకుతుంది. వెలుతురు తగ్గేకొద్దీ ఎల్‌డీఆర్ నిరోధం పెరిగి, దాని వాటా కూడా పెరుగుతుంది. బీసీ 547 వంటి సిలికాన్ ట్రాన్సిస్టర్ బేస్ వద్ద ఎమిటర్ కంటే సుమారు 0.65 వోల్టులు ఎక్కువ ఉన్నప్పుడు కరెంటును పోనివ్వడం మొదలుపెడుతుంది. అంటే ఎల్‌డీఆర్ 8 కిలో ఓమ్‌లు ఉన్నప్పుడు దాని వాటా 0.65 వోల్టులు, పై రెసిస్టర్ వాటా మిగిలిన 8.35 వోల్టులు కావాలి. 8.35ను 0.65తో భాగిస్తే దాదాపు 13 వస్తుంది. కనుక పై రెసిస్టర్ మన కొలతకు 13 రెట్లు, అనగా సుమారు 100 కిలో ఓమ్‌లు ఉండాలి. మీ కొలత 5 కిలో ఓమ్‌లైతే 65కు దగ్గరలోని 68 కిలో ఓమ్‌ల రెసిస్టర్ వాడాలి. 9 వోల్టులకు బదులు 5 వోల్టులు వాడితే అదే పద్ధతిలో 13 బదులు సుమారు 6.7 రెట్లు వస్తుంది. అందుకే ఒకరి సర్క్యూట్‌లోని విలువను కారణం తెలియకుండా ఎత్తిరాయవద్దని అంటాను.

ఎల్‌ఈడీకి రెసిస్టర్ లెక్క సులభం. ఎర్ర ఎల్‌ఈడీ సుమారు 2 వోల్టులు తీసుకుంటుంది, పూర్తిగా తెరుచుకున్న ట్రాన్సిస్టర్ దగ్గర 0.2 వోల్టులు పోతాయి, మిగిలిన 6.8 వోల్టులు 1 కిలో ఓమ్ మీద పడితే 6.8 మిల్లీ ఆంపియర్లు ప్రవహిస్తాయి. బీసీ 547 భరించగలిగేది 100 మిల్లీ ఆంపియర్లు కాబట్టి దానికి ఇది ఏ మాత్రం భారం కాదు.

కట్టేటప్పుడు బ్యాటరీని చివరన మాత్రమే తగిలించండి. బ్రెడ్‌బోర్డులో మధ్య గాడికి ఒక్కో వైపున ఐదేసి రంధ్రాలు లోపల కలిసి ఉంటాయి, గాడికి అవతలి వైపు రంధ్రాలతో వాటికి సంబంధం లేదు. కొన్ని పెద్ద బోర్డులలో అంచున ఉండే ప్లస్, మైనస్ వరుసలు సగంలో తెగి ఉంటాయి, దాన్ని మీటరుతో ఒకసారి సరిచూసుకోవడం మంచిది. బీసీ 547 చదునైన ముఖం మీవైపు, కాళ్లు కిందికి ఉండేలా పట్టుకుంటే ఎడమనుంచి వరుసగా కలెక్టర్, బేస్, ఎమిటర్ ఉంటాయి. దీని బదులు 2ఎన్ 3904 వాడేవారు జాగ్రత్తగా ఉండాలి, అందులో ఎడమవైపున ఉండేది ఎమిటర్, కుడివైపున ఉండేది కలెక్టర్. ఎమిటర్‌ను మైనస్‌కు కలపండి. ప్లస్ నుంచి 1 కిలో ఓమ్ రెసిస్టర్, దాని తరువాత ఎల్‌ఈడీ పొడవు కాలు, పొట్టి కాలు కలెక్టర్‌కు. ప్లస్ నుంచి బేస్‌కు 100 కిలో ఓమ్, బేస్ నుంచి మైనస్‌కు ఎల్‌డీఆర్. అంతే.

బ్యాటరీ తగిలించాక ఎల్‌ఈడీని చూస్తూ కూర్చోకండి. నా దృష్టిలో ఈ సర్క్యూట్‌లోని అసలు పాఠం మీటరులో కనిపిస్తుంది. నల్ల ప్రోబ్‌ను మైనస్‌కు, ఎర్ర ప్రోబ్‌ను బేస్‌కు తాకించి వోల్టులు చదవండి. వెలుతురులో అది 0.1 వోల్టుకు కొంచెం అటూ ఇటూగా ఉంటుంది. ఇప్పుడు అరచేతిని నెమ్మదిగా ఎల్‌డీఆర్ మీదికి దింపుతూ రండి. అంకె 0.2, 0.3, 0.45 అంటూ ఎక్కుతుంది. 0.55 దాటాక ఎల్‌ఈడీలో సన్నని ఎరుపు తొంగిచూస్తుంది, 0.65 దగ్గర స్పష్టంగా వెలుగుతుంది. ఆ తరువాత ఎల్‌డీఆర్‌ను పిడికిలితో పూర్తిగా మూసినా అంకె 0.7 దాటదు. ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. చీకటిలో ఎల్‌డీఆర్ ఒక మెగా ఓమ్ ఉంటే, నిష్పత్తి ప్రకారం దాని వాటాకు 8 వోల్టులకు పైగా రావాలి కదా! బ్యాటరీ తీసి, ట్రాన్సిస్టర్‌ను పీకేసి, మళ్లీ బ్యాటరీ పెట్టి కొలవండి, నిజంగానే ఆ 8 వోల్టులు కనిపిస్తాయి. ట్రాన్సిస్టర్ ఉన్నప్పుడు మాత్రం బేస్‌కూ ఎమిటర్‌కూ మధ్య ఉన్న డయోడ్ తెరుచుకుని, ఎక్కువైన కరెంటునంతా తన గుండా పంపేస్తూ వోల్టేజీని 0.7 దగ్గరే పట్టి ఉంచుతుంది. అలా బేస్‌లోకి వెళ్లే కరెంటే కలెక్టర్‌లో పెద్ద కరెంటును నడిపిస్తుంది.

ఎల్‌ఈడీ ఒక్కసారిగా కాక మెల్లమెల్లగా ఎందుకు వెలుగుతుందో కూడా ఇందులోనే అర్థమవుతుంది. 100 కిలో ఓమ్‌ల గుండా వచ్చేది సుమారు 83 మైక్రో ఆంపియర్లు. అందులో కొంత ఎల్‌డీఆర్ తాగేస్తుంది, మిగిలింది బేస్‌కు చేరుతుంది. ట్రాన్సిస్టర్ గెయిన్, అంటే బేస్ కరెంటుకు కలెక్టర్ కరెంటు ఎన్ని రెట్లో చెప్పే అంకె, 200 అనుకుంటే, 6.8 మిల్లీ ఆంపియర్లు నడవడానికి బేస్‌కు 34 మైక్రో ఆంపియర్లు కావాలి, అది ఎల్‌డీఆర్ సుమారు 13 కిలో ఓమ్‌లకు చేరినప్పుడే సాధ్యం. అంటే 8 నుంచి 13 వరకు దీపం మసక వెలుగులో ఉంటుంది. బీసీ 547 గెయిన్ రకాన్ని బట్టి 110 నుంచి 800 వరకు ఉండవచ్చు కనుక మీ సర్క్యూట్‌లో ఈ పరిధి వేరుగా ఉంటుంది.

తరచుగా ఎదురయ్యే చిక్కు ఒకటుంది. ఎల్‌ఈడీ, ఎల్‌డీఆర్ పక్కపక్కనే ఉంటే, చీకటి పడి ఎల్‌ఈడీ వెలగగానే ఆ వెలుగు ఎల్‌డీఆర్ మీద పడి, అది పగలనుకుని దీపాన్ని తగ్గిస్తుంది. ఫలితంగా దీపం ఎంత చీకటిలోనైనా సగం వెలుగులోనే ఆగిపోతుంది. ఎల్‌డీఆర్ చుట్టూ నల్ల కాగితాన్ని చిన్న గొట్టంలా చుట్టి, దాని నోరు ఎల్‌ఈడీకి వ్యతిరేక దిశలో ఉంచితే సమస్య తీరుతుంది. ఎర్ర ఎల్‌ఈడీకి బదులు తెల్లది వాడితే ఈ జాగ్రత్త మరింత అవసరం.

వెలిగే స్థాయిని ఇష్టానుసారం మార్చుకోవాలంటే 100 కిలో ఓమ్ రెసిస్టర్ స్థానంలో అంతకంటే పెద్దదైన, ఉదాహరణకు 220 కిలో ఓమ్‌ల ప్రీసెట్ పెట్టవచ్చు. అయితే దానితో వరుసలో 10 కిలో ఓమ్ రెసిస్టర్ తప్పక ఉండాలి. అది లేకుండా ప్రీసెట్‌ను సున్నాకు తిప్పితే 9 వోల్టులు నేరుగా బేస్ మీద పడి ట్రాన్సిస్టర్ కాలిపోతుంది. ఇక వెలుతురు వచ్చినప్పుడు వెలిగే సర్క్యూట్ కావాలంటే ఎల్‌డీఆర్, రెసిస్టర్ స్థానాలు మార్చి, ఇప్పుడు కిందికి వచ్చిన రెసిస్టర్ విలువను మన కొలతలో సుమారు 13వ వంతుకు తగ్గించి, మధ్య బిందువుకూ బేస్‌కూ నడుమ 10 కిలో ఓమ్ చేర్చాలి. ఎండలో ఎల్‌డీఆర్ కొన్ని వందల ఓమ్‌లకు పడిపోతుంది కాబట్టి బేస్‌కు ఆ రక్షణ కావాలి.

బ్యాటరీ విషయంలో ఈ సర్క్యూట్ చాలా పొదుపరి. వెలుతురులో అది తీసుకునేది 90 మైక్రో ఆంపియర్లలోపే. 500 మిల్లీ ఆంపియర్ అవర్ల బ్యాటరీతో ఆ స్థితిలో ఐదు వేల గంటలకు పైగా ఉంటుంది. దీపం వెలుగుతూ ఉంటే మాత్రం సుమారు 70 గంటలే. రిలే (చిన్న కరెంటుతో పనిచేసే స్విచ్) తగిలించి ఇంటి కరెంటు దీపాన్ని వెలిగించాలన్న ఆశ చాలామందికి వెంటనే పుడుతుంది. బ్రెడ్‌బోర్డు మీద ఆ పని ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి. ఆ వోల్టేజీకి బ్రెడ్‌బోర్డు తగదు, ఆ అనుభవం వేరుగా సంపాదించుకోవాలి. కాడ్మియం విషపదార్థం కాబట్టి ఎల్‌డీఆర్‌ను పగలగొట్టడం, కాల్చడం కూడా కూడదు. ఎలక్ట్రానిక్ పరికరాల్లోని ఏ ఒక్క పదార్థంలోనూ కాడ్మియం బరువులో 0.01 శాతానికి మించకూడదని యూరోపియన్ యూనియన్ నిబంధన పెట్టింది. అందువల్ల కొత్త పరికరాల్లో ఫోటో ట్రాన్సిస్టర్ల వాడకం పెరిగింది.

ప్రీసెట్ తిప్పి మీకు నచ్చిన స్థాయి కుదిరాక, బ్యాటరీ తీసేసి, ప్రీసెట్‌ను తిప్పి ఉంచిన స్థానం మారకుండా బోర్డునుంచి బయటికి తీసి దాని నిరోధాన్ని కొలవండి. దానికి 10 కిలో ఓమ్‌లు కలిపి, ఆ మొత్తానికి దగ్గరగా ఉన్న 82, 100, 120 వంటి విలువ గల ఒకే రెసిస్టర్‌ను ఎంచుకుని పీసీబీ (ప్రింటెడ్ సర్క్యూట్ బోర్డు) మీద సోల్డర్ చేసుకోవచ్చు. అప్పుడు ఎల్‌డీఆర్ కాళ్లను కాస్త పొడవుగా ఉంచితే, తరువాత దాని ముఖాన్ని కిటికీ వైపుకు వంచి పెట్టుకోవడానికి వీలుంటుంది.