దారికి అడ్డంగా స్వాప్

మొన్న రాత్రి పదకొండింటికి ఒక వీఎంలో (వర్చువల్ మెషీన్, అంటే ఒక కంప్యూటర్ లోపల నడిచే మరో కంప్యూటర్) డేటాబేస్ మొండికేసింది. లాగ్ నిండా ఒకటే గోల, డిస్క్‌లో చోటు లేదని. డిస్క్ ఎంత నిండిందో చెప్పే డీఎఫ్ కమాండ్ కొట్టి చూస్తే రూట్ పార్టిషన్ (సిస్టమ్ ఫైళ్లుండే డిస్క్ భాగం) 100 శాతం. అయినా రూట్ యూజర్‌గా, అంటే అడ్మిన్‌గా, పనిచేసుకోగలిగాను. ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ (డిస్క్‌లో ఫైళ్లను అమర్చే పద్ధతి) మామూలుగా 5 శాతం బ్లాకులు రూట్ యూజర్ కోసం పక్కన పెడుతుంది కదా, ఆ కాస్తే నన్ను కాపాడింది.

వీఎం ఉన్నది కేవీఎం మీద, అంటే లినక్స్‌లో వీఎంలు నడిపే సాఫ్ట్‌వేర్ మీద. 20 జీబీ డిస్క్‌ని 40 చేద్దామనుకున్నాను. వీఎం నడుస్తుండగా దాని ఇమేజ్ ఫైల్ (వీఎం డిస్క్ మొత్తం ఉండే ఫైల్) మీద నేరుగా క్యూఈఎంయూ-ఇమేజ్ రిసైజ్ కమాండ్ వాడకూడదు, ఫైల్ పాడైపోవచ్చు. అందుకే హోస్ట్ (వీఎంని నడిపే అసలు మెషీన్) నుంచి వర్ష్ బ్లాక్‌రిసైజ్ కమాండ్ ఇచ్చాను. ఇక్కడో గమ్మత్తు: సైజు పక్కన 'జీ' పెట్టకుండా ఉత్త 40 అని కొడితే దాన్ని కిలోబైట్లుగా తీసుకుంటుంది. ఎంటర్ నొక్కేముందు ఆ ఒక్క అక్షరం మూడుసార్లు చూసుకున్నా.

క్షణంలో అయిపోయింది. వీఎం లోపల డిస్కుల జాబితా ఇచ్చే ఎల్‌ఎస్‌బీఎల్‌కే చూస్తే వీడీఏ (వీఎం డిస్క్ పేరు) 40 జీబీ అంటోంది. హమ్మయ్య అనుకుని పార్టిషన్‌ని పెంచే గ్రోపార్ట్ కొట్టాను. 'నోచేంజ్' అంది, పార్టిషన్ పెరగదట!

మళ్లీ ఎల్‌ఎస్‌బీఎల్‌కే తెరిచి ఈసారి నింపాదిగా చదివాను. వీడీఏ1 రూట్, 19 జీబీ. దాని వెనకే వీడీఏ2, సైజు 1కే అని చూపిస్తోంది. అది ఎక్స్‌టెండెడ్ పార్టిషన్, వేరే పార్టిషన్లను లోపల పెట్టుకునే డబ్బా లాంటిది. అందులో వీడీఏ5, అంటే స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడే డిస్క్ భాగం), 975 ఎంబీ. కొత్త 20 జీబీ వీటన్నిటి అవతల ఉంది. రూట్ పెరగాలంటే పక్కనే ఖాళీ ఉండాలి, కానీ మధ్యలో స్వాప్ కూర్చుంది. ఇందులో డెబియన్ లినక్స్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు 'అన్నీ ఒకే పార్టిషన్‌లో' అన్నది ఆలోచించకుండా ఎంచుకున్నది నేనే. ఆ రోజే ఎల్‌వీఎం (డిస్క్ చోటుని తర్వాత సులువుగా మార్చుకోనిచ్చే పద్ధతి) పెట్టుకుని ఉంటే ఈ అవస్థ ఉండేది కాదు.

ర్యామ్‌లో ఖాళీ ఉందని చూసుకుని స్వాప్‌ఆఫ్ చేశాను. ఏ పార్టిషన్ ఎక్కడుందో చెప్పే పార్టిషన్ టేబుల్‌ని ఎస్ఎఫ్‌డిస్క్‌తో ఒక ఫైల్‌లోకి తీసి వేరే మెషీన్‌కి పంపాను. తర్వాత ఎఫ్‌డిస్క్‌లో వీడీఏ5, వీడీఏ2 తీసేశాను. మార్పుల్ని డిస్క్ మీద రాసేసే డబ్ల్యూ నొక్కేటప్పుడు మాత్రం టెన్షన్ వచ్చింది. ఆపైన గ్రోపార్ట్ నోరెత్తకుండా పనిచేసింది. ఆ కమాండ్‌లో డిస్క్ పేరుకీ పార్టిషన్ నంబర్ 1కీ మధ్య ఖాళీ వదలాలి, అది మరిచిపోతే ఒప్పుకోదు. రిసైజ్2ఎఫ్‌ఎస్ మౌంట్ తీయకుండానే, అంటే వాడుకలో ఉండగానే, ఫైల్‌సిస్టమ్‌ని పెంచేసింది. డేటాబేస్ కదిలింది. స్వాప్ కోసం ఈసారి 1 జీబీ ఫైల్ పెట్టి, ఎఫ్‌స్టాబ్‌లో (బూట్‌లో ఏ డిస్క్ భాగాలు వాడాలో చెప్పే ఫైల్) పాత స్వాప్ వరస మార్చాను.

పొద్దున రీస్టార్ట్ చేస్తే బూట్ మధ్యలో ఆగిపోయి ఎవరికోసమో ఎదురుచూస్తోంది. పోయిన స్వాప్ యూయూఐడీ (గుర్తింపు నంబర్) ఇంకా ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ (బూట్ మొదట్లో లోడయ్యే చిన్న సిస్టమ్) రెజ్యూమ్ ఫైల్‌లో ఉంది! దాన్ని 'నన్' (ఏదీ లేదు) అని మార్చి, అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ కొట్టి, మళ్లీ రీస్టార్ట్ చేశాను. ఈసారి ఎక్కడా ఆగలేదు.